చలిగదికి మొండి మొక్కలు

లలితకుమారి మెడలో ఆఫీసు కార్డు పడింది నలభై ఆరో ఏట. ఫోటో బాగా రాలేదు, కళ్ళు సగం మూతబడి ఉన్నాయి. పేరు మాత్రం పూర్తిగా ఉంది. సింగపూర్ వచ్చిన ఇన్నేళ్ళలో ఆమెను ఆ పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. భర్త పనిచేసే బ్యాంకులో ఆమె మిసెస్ రావు. భువన చదివే చోట భువన మదర్. బిషాన్‌లో వాళ్ళుండే బ్లాకులో, ఆ అంతస్తు వాళ్ళందరికీ ప్లాంట్ ఆంటీ.

ఈ చివరి పేరే ఆమెకు పని తెచ్చింది. ఫ్లాట్ ముందు వరండాలో మనిషి నడిచే దారి వదిలి మిగతాదంతా కుండీలే. కరివేపాకు, మల్లె, గోంగూర, పాత నూనెడబ్బాలో దొండతీగ. అదే వరసలో చివరి ఫ్లాట్‌లో ఉండే చైనా ముసలమ్మను చూడడానికి చెల్లెలు వస్తుండేది. అందరూ ఆమెను మేడమ్ కో అంటారు. ఆఫీసులకు మొక్కలు అద్దెకివ్వడం ఆమె వ్యాపారం. వచ్చినప్పుడల్లా కుండీల దగ్గర నిలబడి, ఒక ఆకు తిరగేసి చూసి, మాట్లాడకుండా పోయేది. ఒకరోజు పోలేదు.

"యూ వాంట్ టు వర్క్ ఆర్ నాట్?" అని అడిగింది.

వన్-నార్త్‌లో ఒకదాని వెనక ఒకటి అద్దాల భవనాలు తెరుచుకుంటున్న కాలం అది. సాఫ్ట్‌వేర్ కంపెనీలు హైదరాబాదు నుంచి, చెన్నై నుంచి కుర్రవాళ్ళను విమానాల్లో దించుకుంటున్నాయి. అలాంటి ఒక కంపెనీ, తన అంతస్తులో కిటికీల పొడవునా చిన్న అడవి కావాలని అడిగింది. మేడమ్ కో మనుషులు పెట్టిన మొదటి మొక్కలన్నీ ఆకులు రాల్చి పోయాయి. ఆ ఆఫీసులో ముప్పాతిక మంది ఇండియన్లు, అందులో తెలుగువాళ్ళు ఎక్కువ. వాళ్ళతో వాళ్ళ ఆంటీయే వేగాలని మేడమ్ కో ఆలోచన.

షరతు కూడా అప్పుడే చెప్పింది. మూడు నెలలు పరీక్ష. డిసెంబరులో ఆ కంపెనీ హెడ్డాఫీసు వాళ్ళు వస్తారు. అప్పటికి అడవి పచ్చగా ఉంటే కాంట్రాక్టు, లలితకుమారికి ఉద్యోగం. లేకపోతే వాళ్ళు ప్లాస్టిక్ మొక్కలు పెట్టుకుంటారు.

"ప్లాస్టిక్ డోంట్ నీడ్ ఆంటీ," అంది మేడమ్ కో.

ఆ రోజు భోజనాల దగ్గర సంగతి చెబితే వెంకటేశ్వర రావు చారు కలుపుకోవడం ఆపాడు.

"మొక్కలకి నీళ్ళు పోస్తే జీతమా? ఇన్నేళ్ళూ ఊరికే పోశావే! పాత బకాయి కూడా అడగాల్సింది."

"మీరు బ్యాంకులో ఊరికే కూర్చుంటే ఇవ్వట్లా? ఇదీ అంతే."

భువన పాలిటెక్నిక్‌లో చదువుతోంది. ఇంట్లో ఏ భాషలో అడిగినా తన భాషలోనే జవాబు చెబుతుంది. "అమ్మా, నైటీ మీద టవల్ వేసుకుని గో చేయకు లా. సో పైసే!" అంది. పైసే అంటే సిగ్గుచేటు అని లలితకుమారికి ఆ పిల్ల వల్లే తెలుసు.

తిన్నాక ఆమె ఎప్పటిలాగే బల్ల మీది గ్లాసుల్లో అడుగున మిగిలిన నీళ్ళన్నీ ఒక చెంబులోకి వంచింది. రావు తన గ్లాసులో రెండు గుక్కలు ఉంచి, "ఇదిగో, నీ కరివేపాకు వాటా," అని ఇచ్చాడు. తాగే నీళ్ళు ఆ ఇంట్లో సింకులోకి పోవు. కొల్లూరులో ఆమె పుట్టింట్లోనూ పోయేవి కావు. చెంబు తీసుకెళ్ళి వరండాలో మొక్కల మొదట్లో పోసి వచ్చింది.

*

ఆఫీసులో అడుగుపెట్టగానే లలితకుమారికి ముందు తెలిసింది చలి. సర్వర్లు పెట్టిన గది ఆ అంతస్తు నడిమధ్యలో ఉంది. వాటి కోసం పెట్టిన చలి అందరికీ పడుతోంది. బయట రైలు దిగి నడిచివచ్చిన చెమట ఇంకా ఆరలేదు, లోపల పిల్లలు స్వెట్టర్లు తొడుక్కుని కూర్చున్నారు. తలుపు పక్క సీటులో ఒక కుర్రాడు మంకీ క్యాపు పెట్టుకుని టకటకా టైపు చేస్తున్నాడు.

"నమస్తే ఆంటీ," అని లేచాడు, ఆమె చీర చూసి. "నేను అభిరామ్. మాది కరీంనగర్. ఇది సింగపూర్ గాదు ఆంటీ, సిమ్లా. మొన్న మొక్కలు సచ్చినయి, ఇగ మా నంబరే."

కిటికీల దగ్గర పాత మొక్కల కాడలు ఇంకా ఉన్నాయి. క్రోటన్లు, ఎర్ర అల్లపు పూల మొక్కలు. ఎండలో నిగనిగలాడే జాతులన్నీ తెచ్చి మంచులో నిలబెట్టారు.

అడవి కావాలని అడిగిన మనిషి అరుణశ్రీ. విశాఖపట్నం అమ్మాయి, ఆ అంతస్తుకు మేనేజరు. శాలువా కప్పుకుని మీటింగు నుంచి మీటింగుకు నడిచే మధ్యలో ఆగింది.

"చలి తగ్గించమంటే కుదరదు ఆంటీ, సర్వర్లు ఒప్పుకోవు. కానీ చలిలో అడవి పెంచడం అవుతుంది. నేను చూశాను. లీడ్స్‌లో ఉండేటప్పుడు మా ఎదురింటి ముసలాయన తోట మొత్తం మన కేరళలాగే ఉండేది. బయట మంచు పడుతున్నా."

"మంచులో అరిటి చెట్టా?"

"అరిటిలాగుండేది. తాడిచెట్టులాగుండేది ఇంకోటి. చలికి ఓర్చే జాతులట అవి. ఎక్కడి మొక్క అని ఊరడక్కూడదు, ఆకు అడవిలాగుందా, ప్రాణం మొండిదా, రెండే చూడాలి అనేవోడు. వెడల్పాకు, చిల్లులున్న ఆకు, చీలిన ఆకు. చూసినోళ్ళకి అడవి కనిపించాలి, మొక్కకి చలి కనిపించకూడదు."

లలితకుమారి ఆ మాట ఇంటిదాకా మోసుకొచ్చింది. అప్పటిదాకా ఆమె మొక్కల్ని పువ్వు కోసమో, కూర కోసమో, వాసన కోసమో ఎంచుకుంది. మొండితనం కోసం ఎప్పుడూ ఎంచుకోలేదు. ఆ మాట ఇంట్లో ఆమెకే వాడేవారు.

మర్నాడు పాసిర్ రిస్ వెళ్ళింది. అక్కడ నర్సరీలు వరసగా ఉంటాయి. మేడమ్ కో మొక్కలు తెచ్చే నర్సరీ యజమాని పొట్టిగా, రబ్బరు బూట్లతో ఉండే చైనా ముసలాయన. పేరు లిమ్. చలికి ఓర్చేవేమిటని అడిగితే ఆయన నవ్వి, "సింగపూర్ వేర్ గాట్ కోల్డ్?" అన్నాడు. ఆఫీసు సంగతి చెప్పాక నవ్వడం మాని లోపలికి తీసుకెళ్ళాడు. ఆమె రకానికొకటి చొప్పున ఎనిమిదో తొమ్మిదో ఎంచి టాక్సీలో వేసుకొచ్చింది. వాటిని పడకగదిలో మంచం చుట్టూ సర్ది, ఏసీని ఆ ఆఫీసంత చలికి తిప్పింది.

మూడో పొద్దున వెంకటేశ్వర రావు దుప్పటి చుట్టుకునే హాల్లోకి వచ్చాడు.

"ట్రయలు మొక్కలకా నాకా?"

"మీరు తట్టుకున్నారుగా. ఆ పోకచెట్టు చూడండి, అప్పుడే తల వేలాడేసింది."

"దానికి నోరు లేదు కాబట్టి తల వేలాడేసింది. నాకు నోరుంది, ఎవరూ వినట్లేదు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు, మొండిది అయితే ఇంక చెప్పేదేముంది!"

రెండు వారాల్లో సగం మొక్కలు ఆకులు ముడుచుకున్నాయి. మూడు రకాలు మాత్రం ఏమీ జరగనట్టే ఉన్నాయి. ఒకటి రాపిస్ పామ్, వెదురుకూ ఈతచెట్టుకూ పుట్టినట్టు సన్నటి కాడలు, వేళ్ళు విప్పిన చెయ్యిలాంటి ఆకులు. రెండోది చిల్లుల ఆకుల తీగ. మూడోదాన్ని లిమ్ ఐరన్ ప్లాంట్ అన్నాడు. నేలలోంచి నేరుగా లేచిన ముదురాకుపచ్చ ఆకులు, వెలుగు తక్కువైనా, చలి ఎక్కువైనా పట్టించుకోవు. లలితకుమారి దానికి ఇనపమొక్క అని పేరు పెట్టింది.

అక్టోబరు మొదట్లో అవి ఆఫీసు కిటికీల వెంట బారులు తీరాయి. వెనక పామ్‌లు, మధ్యలో తీగలు కర్రలకు పాకించి, ముందు ఇనపమొక్కలు. చూస్తే అడవే. అభిరామ్ మంకీ క్యాపు తీసి మొక్కల ముందు నిలబడి ఫోన్‌తో ఫోటో తీయించుకున్నాడు. "మా అమ్మకు పంపుత ఆంటీ. అడవిల జాబ్ జేస్తున్న అనుకుంటది," అన్నాడు.

మేడమ్ కో ప్రతి కుండీకి తన కంపెనీ స్టిక్కరు అంటించింది. నీళ్ళు పోయవద్దని ఇంగ్లీషులో దాని మీద పెద్దక్షరాలు. అంత చలిలో మట్టి త్వరగా ఆరదు కాబట్టి పది రోజులకు ఒక్కసారి, అదీ కొంచెమే పోయాలని లలితకుమారి పడకగదిలోనే నేర్చుకుంది. వారానికి రెండుసార్లు వెళ్ళి, ఆకులు తుడిచి, వేలు మట్టిలో గుచ్చి చూసి వచ్చేది. పిల్లలు చుట్టూ చేరేవాళ్ళు. ఇంటి నుంచి చేగోడీలో, నిమ్మకాయ ఊరగాయో తెచ్చి పాంట్రీలో పెట్టేది. ఆమె వచ్చే రోజున కొందరు లంచ్‌కి హాకర్ సెంటర్‌కి వెళ్ళడం మానేసి, పెరుగన్నం తెచ్చుకునేవాళ్ళు.

*

దీపావళి దాటాక ఒక సోమవారం, రాపిస్ పామ్ ఆకులు రెండు పసుపెక్కాయి. తర్వాతి వారానికి ఇనపమొక్క ఆకు ఒకటి పట్టుకుంటే ఊడి చేతిలోకి వచ్చింది. మొదలు మెత్తగా, నల్లగా ఉంది. లలితకుమారి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. మురుగు వాసన.

చలికి చచ్చిన మొక్క ఇలా చావదు. అది నీళ్ళకు కుళ్ళింది. మట్టిలో వేలు పెడితే బురద అంటింది. తను ఆ కుండీకి నీళ్ళు పోసి పది రోజులు దాటింది.

ఏసీ పైపు కారుతోందేమోనని కుర్చీ ఎక్కి చూసింది. పొడిగా ఉంది. ఇక మిగిలింది ఆ అంతస్తు శుభ్రం చేసే ఫాతిమా. ఆమె మలయ్ మనిషి, లలితకుమారి వయసుదే, మోప్ బకెట్ తోసుకుంటూ రోజంతా అక్కడే తిరుగుతుంది. స్టిక్కరు చదవడం రాక పోస్తోందేమో అనుకుని, లలితకుమారి ఆమెను కుండీ దగ్గరికి తీసుకెళ్ళి బురద చూపించింది.

ఫాతిమా రెండు చేతులూ నడుముకు పెట్టుకుంది.

"నాట్ మీ లా! ఐ కెన్ రీడ్, ఓకే? యువర్ పీపుల్. ఎవ్రీ ఫ్రైడే, గో హోమ్ టైమ్, వన్ బై వన్, వన్ బై వన్. లైక్ టెంపుల్ లైదట్!"

లలితకుమారికి మొహం చెల్లలేదు. సారీ చెప్పింది. ఫాతిమా "నెవర్ మైండ్" అని, ఊరగాయ మళ్ళీ ఎప్పుడు తెస్తావని అడిగింది.

ఆ శుక్రవారం సాయంత్రం ఆమె తన వంతు కాకపోయినా వెళ్ళి, పాంట్రీలో టీ తాగుతున్నట్టు కూర్చుంది. ఆరు దాటగానే కంప్యూటర్లు ఒక్కొక్కటి ఆరాయి. అభిరామ్ లేచాడు. బ్యాగు భుజాన వేసుకున్నాడు. బల్ల మీది నీళ్ళ సీసా తీసి ఊపి చూశాడు. సగానికి పైనే ఉన్నాయి. ఆ చలిలో ఎవరికీ దాహం వేయదు, పొద్దున నింపిన సీసా సాయంత్రానికి అలాగే ఉంటుంది. రెండు రోజుల సెలవు కాబట్టి శుక్రవారం ఖాళీ చేసి పోతారు. నేరుగా పామ్ దగ్గరకు నడిచి, మూత తిప్పి, మొదట్లో నెమ్మదిగా వంచాడు. చివరి చుక్కదాకా దులిపాడు. అతని వెనక ఇద్దరు. వాళ్ళ వెనక ఇంకొకమ్మాయి. ఎవరికి ఏ కుండీ దారిలో ఉంటే ఆ కుండీకి. అందరికంటే చివర, ఫోన్లో మాట్లాడుతూ, శాలువా జారకుండా మోచేత్తో పట్టుకుని, అరుణశ్రీ వచ్చింది. తన సీసా ఇనపమొక్కకు పోసింది.

లలితకుమారి టీ కప్పు పట్టుకునే బయటికి వచ్చింది.

"అభిరామ్!"

"ఆంటీ! గియ్యాల గూడ అచ్చినవా?"

"ఆ స్టిక్కరు చదివావా నాయనా?"

అతను వంగి చదివాడు. "ఇదా? గిది క్లీనింగోల్లకు అనుకున్న ఆంటీ. అయినా మనం వాటర్ పోస్తలేం గదా. మిగిలినయి పోస్తున్నం."

ఆ తేడా ఆమెకు బాగా తెలుసు. మొక్కకు నీళ్ళు పోయడం వేరు, మిగిలిన నీళ్ళు మొక్కకు పోయడం వేరు. రెండోదాన్ని ఆమె ఎప్పుడూ నీళ్ళు పోయడం అనుకోలేదు.

"తాగే నీళ్ళు సింకుల పారబోస్తే మా నాయనమ్మ సంపుతది ఆంటీ. పైసలు పోతే రావచ్చు, నీళ్ళు పోతే రావంటది. అయినా మొక్కలు మీయే గదా. మంచిగ పెరుగుతయని పోసినం."

"కుళ్ళిపోతున్నాయిరా. ఈ చలికి మట్టి ఆరదు. డిసెంబరుకి ఇవి పోతే ఇక్కడ ప్లాస్టిక్‌వి పెడతారు, నన్ను ఇంటికి పంపిస్తారు."

ఫోన్ మాట ఆపిన అరుణశ్రీ చేతిలో ఖాళీ సీసా అలాగే ఉంది. అభిరామ్ మొహం చిన్నబోయింది. "మేమే సంపినమా?" అన్నాడు.

సోమవారం నుంచి ఇక పోయబోమని అందరూ మాటిచ్చారు. కానీ ఆ పై సోమవారం లలితకుమారి వెళ్ళి చూసేసరికి మూడు కుండీలు మళ్ళీ తడిగా ఉన్నాయి. అరుణశ్రీ తనే ఎదురొచ్చింది.

"ఒకటి నేనే ఆంటీ. ఫోన్లో ఉన్నాను, చెయ్యి దానంతటదే పోయింది. అందరికీ మెయిల్ పెడతాను. నీళ్ళు పాంట్రీ సింకులోనే పారబోయాలని గట్టిగా రాస్తాను."

లలితకుమారి తల అడ్డంగా ఊపింది.

"వద్దమ్మా. మా ఇంట్లో నేనూ అదే చేస్తాను. నీళ్ళు పారబొయ్యండని వీళ్ళకి నేను నేర్పలేను."

"మరి మొక్కలో?"

లలితకుమారి ఆ రోజు చీర కుచ్చిళ్ళు దోపుకుని పామ్‌లన్నీ కుండీల్లోంచి పెకిలించింది. నల్లబడ్డ వేళ్ళు కత్తిరించి, బురద తీసేసి, చిన్న రాళ్ళూ బెరడు ముక్కలూ కలిపిన పొడి మట్టిలో నాటింది. రెండు పామ్‌లు ఇక లాభం లేదని సంచీలో కట్టేసింది. అభిరామ్ లంచ్ మానేసి సంచీలు లిఫ్టు దాకా మోశాడు. మేడమ్ కో ఫోన్ చేసి, ఖాళీగా ఉన్న ఆ రెండు చోట్లలో ఏం పెడతావని అడిగింది. డిసెంబరుకు ఎన్నో వారాలు లేవు.

*

పాసిర్ రిస్ నర్సరీలో లలితకుమారి పామ్‌ల వరసలో నిలబడింది కానీ వాటిని చూడడం లేదు. చలికి ఓర్చేవి ఎంచడం ఆమెకు వచ్చింది. ఆ చలిగదిలో మనుషులు కూడా ఉంటారు, వాళ్ళ చేతులకు వాళ్ళ అలవాట్లుంటాయి. వాళ్ళను కూడా ఓర్చేది కావాలి.

నర్సరీ వెనక గొట్టం కుళాయి ఉంది. దాని కింద సిమెంటు తొట్టి, తొట్టి చుట్టూ ఎప్పుడూ నీళ్ళు నిలిచే మడుగు. ఆ మడుగులో మొలిచి ఉంది. నడుమెత్తు కాడలు, ప్రతి కాడ చివరా గొడుగు పుల్లల్లా విచ్చుకున్న సన్నటి ఆకులు. ఎవరూ నాటలేదు, ఎవరూ పట్టించుకోలేదు.

ఆమె దగ్గరకు వెళ్ళి కాడ ఒకటి వేళ్ళ మధ్య తిప్పింది. మూడు పలకలుగా ఉంది. తుంగ. పొడుగ్గా, షోగ్గా ఉంది కానీ తుంగజాతే. కొల్లూరు చేలల్లో పీకిన చోటే మళ్ళీ మొలిచేది, కలుపుకొచ్చిన ఆడవాళ్ళు దాన్ని తిట్టని తిట్టు ఉండేది కాదు. నీళ్ళలో మునిగినా చావదు, ఎండినా చావదు, మాఘమాసం మంచుకు చావదు.

"మిస్టర్ లిమ్, ఇదెంత?"

లిమ్ బూట్లతో మడుగులోకి వచ్చి చూశాడు. "దిస్ వన్? దిస్ వన్ గ్రాస్ లా. టేక్, టేక్. నో నీడ్ మనీ."

లలితకుమారి వంగబోయి ఆగింది. ఊరికే ఇచ్చిన మొక్క, అడిగి తెచ్చుకున్న మొక్క బతకదని ఆమె అమ్మమ్మ నమ్మకం. ఎవరూ చూడకుండా తెచ్చుకున్నదే ఏపుగా పెరుగుతుంది. ఇన్నేళ్ళలో ఈ దేశంలో ఆమె ఒక్క రెమ్మ కూడా దొంగిలించలేదు. భువన చిన్నప్పుడు పార్కులో ఆమె నందివర్ధనం కొమ్మ మీద చెయ్యి వేస్తే, "అమ్మా, యూ విల్ కేనా ఫైన్!" అని, జరిమానా పడుతుందని ఆ పిల్ల ఏడ్చినంత పని చేసింది.

"మిస్టర్ లిమ్, కొంచెం అటు తిరగండి."

"వై?"

"నేను దొంగతనం చెయ్యాలి. మీరు చూడకూడదు."

ఆయన ఆమె వంకా, గడ్డి వంకా మార్చి మార్చి చూశాడు. తర్వాత చేతులు వెనక కట్టుకుని రోడ్డు వైపు తిరిగాడు. ఆమె రెండు పెద్ద దుబ్బులు వేళ్ళతో సహా లాగి సంచీలో వేసుకుంది.

"ఫినిష్ స్టీలింగ్ ఆల్రెడీ?" అన్నాడు ఆయన, తిరక్కుండానే.

మేడమ్ కో గోదాములో అడుగున చిల్లుల్లేని పింగాణీ జాడీలు రెండున్నాయి, ఎత్తుగా, ముదురు నీలం రంగువి. పామ్‌లు పోయిన ఖాళీల్లో, వెలుగు బాగా పడే కిటికీ పక్కన ఒకటి, తలుపు దగ్గర అందరూ బయటికి నడిచే దారిలో ఒకటి పెట్టింది. గులకరాళ్ళలో తుంగ దుబ్బులు నిలబెట్టి సగానికి నీళ్ళు పోసింది. స్టిక్కరు పీకేసింది. అరుణశ్రీ వచ్చి ఏం రాయమంటారని అడిగింది. లలితకుమారి చెబితే తనే తెలుగులో, ఇంగ్లీషులో అట్టముక్క మీద రాసి పెట్టింది. మిగిలిన నీళ్ళు ఇక్కడ.

మేడమ్ కో చూడడానికి వచ్చి జాడీ ముందు చాలాసేపు నిలబడింది.

"ఐ పే యూ, యూ ప్లాంట్ గ్రాస్."

"మేడమ్, దీన్ని పీకడానికి మా ఊళ్ళో కూలి ఇస్తారు. మీరు పెంచడానికి ఇస్తున్నారు."

మేడమ్ కో నవ్వలేదు. ఇంకా రెండు వారాలుందని మాత్రం గుర్తు చేసి వెళ్ళింది.

మొదటి శుక్రవారం లలితకుమారి ఇంట్లోనే ఉండిపోయింది. వెళ్ళి కాపలా కాస్తే అది పరీక్ష కాదు. చెంబుతో వరండాలోకి వెళ్ళి, నీళ్ళు పోయకుండా నిలబడితే రావు తలుపులోంచి తొంగిచూశాడు.

"కరివేపాకు వాటా కూడా ఆఫీసుకి పంపిస్తున్నావా?"

"నోరుముయ్యండి, భయంగా ఉంది."

"మనాళ్ళు పోసుంటార్లే," అన్నాడు అతను. "మనాళ్ళు ఎక్కడ పొయ్యమంటే అక్కడ పోస్తారు. పొయ్యద్దంటేనే కష్టం."

సోమవారం పామ్‌ల మట్టిలో వేలు పెట్టింది. పొడి. ఇనపమొక్కల్లో పెట్టింది. పొడి. తలుపు దగ్గర జాడీ అంచు దాకా నిండి, కింద పళ్ళెంలోకి కారుతోంది. నీళ్ళలోంచి బొటనవేలంత లేత మొలకలు నాలుగైదు పైకి వచ్చాయి. అభిరామ్ అక్కడే నిలబడి చూస్తున్నాడు.

"ఎట్లున్నది ఆంటీ? నాయనమ్మకు ఫోన్ జేసి చెప్పిన. తుంగకు నీళ్ళు పోస్తున్ననంటే, సదువుకున్నవా లేదా అన్నది."

"వరికి పోస్తున్నానని చెప్పాల్సింది."

"చెప్పేటోన్నే. మల్ల వడ్లు ఎప్పుడస్తయని అడుగుతది."

డిసెంబరులో హెడ్డాఫీసు వాళ్ళు ముగ్గురు వచ్చారు. కోట్ల మీద కోట్లు వేసుకుని, చలి గురించి నవ్వుకుంటూ కిటికీల వెంట నడిచారు. వేళ్ళు కోసిన పామ్‌లలో ఒకటి ఇంకా పలచగానే ఉంది. లలితకుమారి దాన్ని తీగల వెనక్కి జరిపి పెట్టింది. వాళ్ళు అడవిని చూసింది నాలుగు అడుగులు నడిచినంతసేపే. ఒకాయన తుంగ దగ్గర ఆగి, ఇది చాలా అందంగా ఉంది, ఏమంటారు దీన్ని అని అడిగాడు. అరుణశ్రీ లలితకుమారి వైపు చూసింది.

"తుంగ," అంది లలితకుమారి.

"టుంగా," అన్నాడాయన, మర్యాదగా.

వాళ్ళు వెళ్ళాక మేడమ్ కో ప్రతి కుండీ దగ్గరా ఆగింది. ఆకులు తిరగేసింది. దాచిన పామ్‌ను తీగల వెనక నుంచి బయటికి లాగింది. దాని మధ్యలో, ఎండిన కాడల పక్కన, ఇంకా విప్పుకోని పచ్చటి ఆకుమొగ్గ ఒకటి నిటారుగా ఉంది. మేడమ్ కో దాన్ని గోటితో తాకి చూసి, పామ్‌ను దాని పాత చోట్లోనే పెట్టింది.

"వన్ ఇయర్," అంది. "దే సైన్ ఆల్రెడీ. నెక్స్ట్ వీక్ యూ టేక్ న్యూ ఫోటో. దిస్ వన్ లుక్ లైక్ స్లీపింగ్."

లలితకుమారి చెయ్యి మెడలోని కార్డు మీదకు పోయింది. ఈలోగా మేడమ్ కో చేతిలో ఉన్న కాగితపు కప్పులోకి చూసుకుంది, అడుగున కొంచెం నీళ్ళున్నాయి. చెత్తబుట్ట కోసం అటూ ఇటూ చూసి, కప్పును జాడీలోకి వంచింది.

తర్వాత జాడీ అంచున ఒత్తుగా పెరిగిన దుబ్బును పట్టి చూసింది. తనకు ఇంకో క్లయింటు ఉందని, అది షెంటన్ వేలో బ్యాంకని, అక్కడా ఇంతే చలని, అక్కడి వాళ్ళు తాగగా మిగిలిన చైనీస్ టీని మొక్కలకు పోస్తారని చెప్పుకొచ్చింది. వేళ్ళు దుబ్బు మధ్యలోకి పోనిచ్చి గట్టిగా లాగింది. తుంగ ఒక పట్టాన రాలేదు.

ఇంకోసారి లాగుతూ తలెత్తి చూస్తే, లలితకుమారి చేతులు వెనక కట్టుకుని కిటికీ వైపు తిరిగి ఉంది.

"వై యూ లుక్ దేర్?" అంది మేడమ్ కో.

"మీరు కానివ్వండి మేడమ్," అంది లలితకుమారి. "నేను చూడట్లేదు."